లోకాభిరామాయణము

మానవుడు చేయు పాపములను ధర్మశాస్త్రకర్తలు మూడు తెగలుగా విభజించిరి. శరీరముచే జరుగునవి మూడు, మనస్సుచే జరుగునవి మూడు, వాక్కుచే జరుగునవి నాలుగు. ఈ పదింటిని హరించునది గనుకనే జ్యేష్ఠ శుద్ధ దశమికి దశహర యని పేరు వచ్చినది. శరీరముకంటెను, మనస్సుకంటెను నాలుకకే ఒక పాప మధికముగా పడినది. ఎముక లేని అవయవము గదా! ఎటు త్రిప్పిన అటు తిరుగును.

ఆ నాలుగింటిలో పరుషముగా పలుకుట, అసత్యమాడుట, చాడీలు చెప్పుట అను మూడును పాపములన్నచో కాదనువా రుండరు. చిక్కు తెచ్చునది నాలుగవది. మనువు దానిని అసంబద్ధప్రలాపమనెను. పొందికలేని మాట, ప్రయోజనములేని మాట అని దాని భావము. ఇరుగుపొరుగువారు మెట్లమీదను, కొళాయివద్దను, డాబామీదను కలిసికొన్నపుడు ఆడుకొను మాటలన్నియు ఈ కోవలోనివేనా? అగునన్నచో నగరమున కాపురముండు గృహస్థులలో సూర్యాస్తమయములోపల ఈ పాపమునకు లోనుగానివాడు దొరకడు. కాదన్నచో ఏది సంబద్ధము, ఏది అసంబద్ధము? ఇది పండితులు ప్రొద్దుపోక చర్చించు ప్రశ్న యని కొందరికి తోచవచ్చును. ఒక్కొక్కప్పుడు ఒక పేదరాలి కూడు ఈ ప్రశ్నపై ఆధారపడియుండును.

హైదరాబాదు వంటి మహానగరమున ఐదంతస్తుల గృహసముదాయము నొకదానిని భావించి చూడవచ్చును. ఇరువది కాపురములు. ఒకరిది గుంటూరు, ఒకరిది కరీంనగరము, ఒకరిది శ్రీకాకుళము. ఒకరింట తమిళము, మరొకరింట మరాఠీ. 1987లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల చట్టము ఇట్టివారందరు ఒక సంఘముగా ఏర్పడి మెట్లు, లిఫ్టు, సంపు మొదలైన ఉమ్మడి వస్తువులను కలిసి చూచుకొనవలెనని విధించినది. చట్టము సంఘమును ఏర్పరుపగలదు గాని ఇరుగుపొరుగును ఏర్పరుపజాలదు. దానిని ఏర్పరచునది మాట యొక్కటే. ఆ మాటయైనను బ్రహ్మవిచారము కాదు. నిన్న నీళ్ళు రాలేదు. వచ్చినను గంటకు మించి నిలువలేదు. వాచ్‌మన్ మోటారు వేసి నిద్రపోగా ట్యాంకు పొంగి నీరంతయు వీధిపాలైనది. క్రింది యింటివారు బండిని గేటుకు అడ్డముగా నిలిపినారు. పై యింటి పిల్లలు రాత్రి పదిగంటలకు రోలు దొర్లించుచున్నట్లు పరుగులు తీయుచున్నారు. టాంకరు ధర, చింతపండు ధర, మోకాళ్ళ నొప్పి.

ఈ నగరమున నీటిని గూర్చిన మాట నిన్నమొన్నటిది కాదు. 1908లో మూసీనది పొంగి వేలమందిని పొట్టన బెట్టుకొన్నది. ఆ విపత్తు ఫలితముగా 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము వెలసినవి. అవి చాలక మంజీరను తెచ్చిరి. 2004లో కృష్ణయు, 2015లో గోదావరియు నగరము చేరినవి. పుష్కరములకు పోయి మునుగవలసిన రెండు మహానదులు ఇంటి కొళాయికే వచ్చినను సణుగుడు మాత్రము ఆగలేదు. ఆగవలెనని కోరుటయు న్యాయము కాదు. ఎండకాలమున బోరు ఎండి, బిందెడు నీటికి కాచుకొన్న ఇల్లాలు నదులకు నమస్కరించి ఊరకుండవలెనని బోధించువారు బిందె మోయనివారై యుందురు.

తెలుగువారు ఇట్టి సంభాషణలకు పిచ్చాపాటి యనియు, పోచికోలు కబుర్లనియు పేర్లు పెట్టిరి. వానికంటె చిత్రమైన పేరు లోకాభిరామాయణము. లోకాభిరాముడనగా లోకమునకు ఆహ్లాదము గూర్చు శ్రీరామచంద్రుడు. పనిలేని మాటకు పరమపురుషుని పేరెట్లు తగిలినది? వెక్కిరింతగా పెట్టినను, ముచ్చటగా పెట్టినను, రాముని కథకును ఊరివారి మాటలకును గల సంబంధము తేలికైనది కాదు. దానిని తరువాత చూడవచ్చును. ముందుగా ఈ మాటలకు ప్రయోజనము కలదా యను విషయమును తేల్చవలెను.

మీమాంసకులు వేదమునందలి వాక్యములను విచారించుచు, ఇది చేయుమని చెప్పు విధివాక్యములు వేరు, వానిని ప్రశంసించు అర్థవాదములు వేరు అనిరి. అర్థవాదమునకు తన అక్షరార్థమునందు తాత్పర్యము లేదు. అది మరియొకదానికొఱకు వచ్చినది. అందును మూడు విధములు. ప్రత్యక్షమునకు విరుద్ధముగా కనబడునది గుణవాదము. అందరికిని తెలిసినదానినే తిరిగి చెప్పునది అనువాదము. నిప్పు చలిని పోగొట్టునని చెప్పుట వంటిది. ఈ రెండును గానిది భూతార్థవాదము. అపౌరుషేయమైన వేదమునకు చెప్పిన విభాగమును మెట్లమీది మాటలకు తెచ్చుట సాహసమే. అయినను విభాగము చక్కగా సరిపోవుచున్నది. “ఎండలు మండిపోతున్నాయండీ” అని ఒకరు అనగా, ఎదుటివాని చొక్కాయు చెమటతో తడిసియే యున్నది. అతనికి తెలియని విషయమేమియు చెప్పబడలేదు. ఇది అనువాదము. “ఈ ఊళ్ళో మనిషన్నవాడు బ్రతకలేడండీ” అని నలువదియేండ్లుగా ఆ ఊరిలోనే బ్రతుకుచున్నవాడు చెప్పును. ఇది గుణవాదము. వీనిని అక్షరార్థముతో తూచి అసత్యమనియు, వ్యర్థమనియు త్రోసివేయువాడు వాక్యార్థవిచారము తెలియనివాడు.

మరి తాత్పర్యమెచ్చట నున్నది? దీనికి ఆలంకారికులు దారి చూపిరి. తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీరదేశమందుండిన ఆనందవర్ధనుడు, మాట పైకి చెప్పు అర్థము వేరు, లోపల స్ఫురింపజేయు అర్థము వేరు అని ధ్వనిసిద్ధాంతమును నెలకొల్పెను. అందుకాయన తీసికొన్న మొదటి ఉదాహరణము ఒక ప్రాకృతగాథ. అది మన శాతవాహనరాజైన హాలుని పేర ప్రసిద్ధమైన సంకలనములోనిది. గోదావరీతీరమున తిరుగాడు ఒక ధర్మపరునితో ఒక స్త్రీ మాట కలుపును. అతనిని బెదరించు కుక్క చచ్చినది, ఇక నిశ్చింతగా తిరుగవచ్చునని చెప్పుచు, దానిని చంపిన సింహము ఆ పొదలలోనే యున్నదని చల్లగా చేర్చును. పైకి అనుమతి; లోపల నిషేధము. ధ్వనిశాస్త్రమంతయు ఇట్టి ఊరిమాటతో ఆరంభమైనదన్నచో ఊరిమాటలను తక్కువగా చూచువారు కొంచెము ఆలోచింపవలెను.

భార్య గతించి మూడేండ్లైన ఒక వృద్ధుడు ప్రతి ఉదయమును గ్రిల్లు పట్టుకొని నిలిచి, ఎదురింటి తలుపు తెరచుకొనగానే “ఏమండీ, మీకు నీళ్ళు వస్తున్నాయా?” అని అడుగును. ఇరువది యిండ్లకును ఒకే ట్యాంకునుండి నీరు వచ్చును. తన యింట రానిది ఎదురింట రాదని ఆయనకు తెలియదా? తెలియును. తెలిసియు అడిగిన ప్రశ్నకు నీరు విషయము కాదు. తాను ఈ ఉదయము కూడ లేచి నిలిచియున్నాడని చెప్పుట, పలుకరించు ప్రాణి యొకటి ఎదుట నున్నదని తెలిసికొనుట, ఇదియే విషయము. “రాలేదండీ బాబాయిగారూ, మీరు కాఫీ తాగారా?” అని ఆ యింటి కోడలు బదులిచ్చును. నీళ్ళకును కాఫీకిని సంబంధమేమి యని తార్కికుడు అడుగవచ్చును. ఆ కోడలికి ధ్వనిశాస్త్రము తెలియదు గాని ధ్వని తెలియును. వస్తువునకు మాటకు పొందిక లేకున్నను మనిషికిని మనిషికిని పొందిక కుదిరినచో, దానిని అసంబద్ధప్రలాపమని చెప్పుటకు వీలులేదు.

ఇరుగుపొరుగు మాటలు పాపహేతువులని భయపడి తలుపు మూసికొనువారు కొందరు కలరు. వారు జపమాల చేతబట్టి, పలుకరించినవానికి తల యూపి లోనికి పోవుదురు. మౌనము గొప్పది గాదా యని వారి వాదము. గీతాచార్యుడు పదునేడవ అధ్యాయమున మూడు తపస్సులను విభజించుచు మౌనమును వాక్తపస్సులో చేర్చలేదు, మానసతపస్సులో చేర్చినాడు. వాక్తపస్సు క్రింద చెప్పినది ఎదుటివానికి కలతగూర్పని, సత్యమైన, ప్రియమును హితమునునైన మాట, స్వాధ్యాయము. అనగా నోటికి విధింపబడినది మంచి మాటయే గాని మూత కాదు. నోరు మూసికొని మనస్సులో పొరుగువాని బండిని తిట్టుకొనుచున్నవానికి ఏ తపస్సు సిద్ధించును?

ఇంతవరకు మాటకు అనుకూలముగానే చెప్పబడినది. దోషమెచ్చట ప్రవేశించునో చూడవలెను. నీటినిగూర్చియు, ధరలనుగూర్చియు సణుగుటలో ఎవరికిని హానిలేదు. సంఘపు కార్యదర్శి ఎదుట నిలిచి మోటారు పాడైనదని గట్టిగా చెప్పుట సణుగుడు కూడ కాదు, అది నివేదనము, చేయవలసినదే. ఎదుట లేని మనుష్యుడొకడు మాటకు వస్తువైనపుడు గాలి మారును. ఎదుట లేనివాడు బదులు చెప్పుకొనలేడు. అందులోను ఆ లేనివాడు అందరికంటె బలహీనుడైనపుడు మాట మరింత సుఖముగా సాగును.

శ్రీరాముని కథలో జరిగినదిదే. వాల్మీకి ఉత్తరకాండమున రాముడు హాస్యకథలు చెప్పు మిత్రుల నడుమ కూర్చుండియుండును. అదియొక లోకాభిరామాయణమే. పౌరులు తననుగూర్చియు, సీతనుగూర్చియు, సోదరులనుగూర్చియు ఏమనుకొనుచున్నారని ఆయన అడుగును. భద్రుడను మిత్రుడు మొదట రావణవధను జనులు పొగడుచున్నారని మాత్రమే చెప్పును. మంచిచెడ్డలు రెండును దాచక చెప్పుమని రాముడు కోరినపిమ్మట, చతుష్పథములలో, అంగళ్ళలో, వీధులలో, ఉపవనములలో జనులు సీతనుగూర్చి అనుకొను మాటలను వినిపించును. రాముడు మిగిలిన మిత్రులను ఇది నిజమేనా యని అడిగెను. వారందరు నేలకు తలలు వంచి అవుననిరి. వారు అవుననినది దేనిని? జనులిట్లు మాటలాడుచున్నారన్న సంగతిని. జనుల మాట సత్యమని కాదు. సీత పరిశుద్ధురాలని తన అంతరాత్మకు తెలియునని రాముడే సోదరులతో చెప్పును. మాట యున్నదనుట సత్యము, మాటలోనిది అసత్యము. ఈ రెండింటికి నడుమ ఒక నిండుచూలాలు అడవిపాలైనది. రాజధర్మమునుబట్టి రాముడు చేసినది యుక్తమా యని పెద్దలు యుగములుగా వాదించుచునే యున్నారు. ఆ వాదములో అయోధ్యాపౌరులను నిలదీసినవారు మాత్రము తక్కువ.

ఇంకొక విశేషము గమనింపవలెను. వాల్మీకి ఈ నిందను ఏ ఒక్కనికిని కట్టలేదు. ఊరంతయు అనుచున్నదని భద్రుని నోట పలికించెను. లోకమున వ్యాపించిన కథలో, 1963లో వచ్చిన లవకుశ చలనచిత్రమునందు వలెనే, ఆ మాట యన్నవాడు ఒక చాకలి. ఊరంతయు చేసిన తప్పును ఊరి మైలగుడ్డలు ఉదుకువాని నెత్తిన పెట్టుట కథ చెప్పువారికి సుకరముగా తోచియుండును. నిందను గూర్చిన కథయే మరియొక నిందగా మారినది. మాట నోరు మారుచు పోవునపుడు ఎటు జారునో తెలిసికొనుటకు ఇంతకు మించిన దృష్టాంతము అక్కరలేదు. నీరు పల్లమునకు పారును.

ఈ జారుడును అరికట్టుటకు భాషయే ఒక సాధనమును సమకూర్చియున్నది. తాను చూడని గతమును చెప్పుటకు పాణిని లిట్టను ప్రత్యేకలకారమును విధించెను. చూచినదానికి ఆ రూపము తగదు. అందుకే తాను చేసిన పనిని లిట్టుతో చెప్పుకొనుటకు సామాన్యముగా చోటులేదు; నిద్రలోనో, మైకములోనో చేసినచో చెప్పవచ్చునని వైయాకరణులు సర్దుబాటు చేసిరి. కిల యను అవ్యయమునకు వార్త యను నర్థమున్నదని అమరసింహుడు చెప్పెను. తెలుగువారికి ఇంత శ్రమ లేదు. ఒక్క అక్షరము చాలును: ట. “వచ్చినాడు” అన్నచో చెప్పువాడు చూచినాడు. “వచ్చినాడట” అన్నచో ఎవరో చెప్పగా విన్నాడు. ఇంత చిన్న అక్షరమునకు ఇంత పెద్ద ధర్మమును మోయించిన భాష ధన్యమైనది. ఇది వక్త తన సాక్ష్యమునకు తానే గీసికొన్న హద్దు.

నైయాయికులు ఈ హద్దునకు ఆవల నున్నదానిని ఐతిహ్యమనిరి. ఫలానా మఱ్ఱిచెట్టుపై యక్షుడున్నాడన్న ప్రతీతి దానికి ఉదాహరణము. మొదట చెప్పినవాడెవ్వడో తెలియదు, తరతరములుగా చెప్పుకొనుచున్నారు. పౌరాణికులు దీనిని వేరు ప్రమాణముగా లెక్కించిరి గాని న్యాయశాస్త్రము ఒప్పుకొనలేదు. చెప్పినవాడు ఆప్తుడని తేలినచో అది శబ్దప్రమాణమే యగును, తేలనిచో ప్రమాణమే కాదు. ఆప్తుడనగా విషయమును స్వయముగా ఎరిగి, ఎరిగినదానిని ఎరిగినట్లు చెప్పగోరువాడు. ఈ లక్షణము ఋషికిని, ఆర్యునకును, మ్లేచ్ఛునకును ఒక్కటేయని వాత్స్యాయనుడు భాష్యమున స్పష్టముగా చెప్పెను. మేడలోనివాని మాటకు ఒక తూనికయు, పాత్రలు తోమునామె మాటకు వేరొక తూనికయు లేవని దీని ఫలితార్థము. పాఠశాలలో ఈ వాక్యమును వల్లించువారు మెట్లు దిగి రాగానే మరచుచుందురు.

పైని చెప్పిన సముదాయమునే తిరిగి తీసికొనిన, అట్టిచోట్ల జరుగు ఉదంతము ఇట్లుండును. పాలమూరు ప్రాంతమునుండి కూలికై వచ్చిన కుటుంబములోని స్త్రీ నాలుగిండ్లలో పని చేయుచున్నది. రెండవ అంతస్తులోని గృహిణి పెండ్లికి పోయివచ్చి, నాలుగునాళ్ళకు తన బంగారుగొలుసు కనబడకుండుట చూచెను. మెట్లమీద ఎదురైన పొరుగామెతో “వదినగారూ, గొలుసు కనబడటం లేదండీ, ఎక్కడ పెట్టానో ఏమో” అనెను. ఇందు అసత్యము లేదు. ఆ పొరుగామె మూడవ అంతస్తులో “ఆవిడ గొలుసు పోయిందట” అనెను. కనబడకపోవుట పోవుటగా మారినది. అయినను ట యున్నది. సాయంకాలము డాబామీద ఆరిన బట్టలు తీయునపుడు “ఆ రోజు ఇంట్లోకి పనిమనిషి ఒక్కతే వచ్చిందట” అని మరియొకరు చేర్చిరి. ఇదియు నిజమే. మరునాడు “పనిమనిషి తీసిందట” అయినది. మూడవనాడు గేటువద్ద వాచ్‌మన్ ప్రక్క భవనపు వాచ్‌మన్‌తో “గొలుసు తీసింది” అనెను. ట రాలిపోయినది. ఈ అయిదారుగురిలో అబద్ధమాడవలెనని ఆడినవా రొక్కరును లేరు. ప్రతివారును కొంచెము కుదించిరి, అంతే. పాపము జరిగినది, పాపి దొరకడు.

వారము తిరుగకముందే నాలుగిండ్లలో మూడిండ్లవారు ఆమెను వచ్చే నెలనుండి రావద్దనిరి. ఎందుకమ్మా యని అడుగగా ఒకరు బట్టలుతుకు మిషను కొన్నామనిరి, ఒకరు ఊరికి పోవుచున్నామనిరి. నిజము చెప్పనివారి మర్యాద ఎంత క్రూరమైనది! నేరము మోపియున్నచో ఆమె బదులు చెప్పియుండును. న్యాయస్థానమున నేరము మోపువాడు ఎదుట నిలువవలెను. లోకాభిరామాయణమున ఎవరును మోపరు, అందరును నమ్ముదురు. వాచ్‌మన్ భార్య చెప్పగా సంగతి తెలిసి, ఆమె ఖాళీ మెట్లమీద నిలిచి “అమ్మా, నేను తీయలే” అన్నది. వినుటకు తలుపేదియు తెరచుకొనలేదు.

పండ్రెండునాళ్ళకు గొలుసు దొరికినది. దొంగల భయముచే పట్టుచీరె మడతలలో దాచి ఆ గృహిణియే మరచినది. ఈ వార్తయు మెట్లెక్కెను. అయితే ఎట్లెక్కెనో వినదగినది. “గొలుసు దొరికిందట... ఏమో!” తీసినదనునపుడు రాలిపోయిన ట, దొరికినదనునపుడు మాత్రము గట్టిగా అంటుకొని యున్నది. నిందకు అక్కరలేని సాక్ష్యము నిర్దోషతకు కావలసివచ్చెను.

పాపమును పోగొట్టు ఉపాయములలో ధర్మశాస్త్రము మొదట పేర్కొన్నది ఖ్యాపనము, అనగా చేసినదానిని నలుగురిలో చెప్పుకొనుట. పశ్చాత్తాపము, తపస్సు, అధ్యయనము తరువాతివి. గంగాస్నానము సులభము, ఐదంతస్తులెక్కి ఖ్యాపనము చేయుట కష్టము. ఆ గృహిణి ఆ కష్టమునకు పూనుకొన్నది. ఆనాడు లిఫ్టు పనిచేయుటలేదు. మోకాళ్ళనొప్పితో ఒక్కొక్క యంతస్తే ఎక్కుచు, ప్రతి తలుపును తట్టి “గొలుసు దొరికిందండీ, నేనే పెట్టి మరిచిపోయాను, ఆ పిల్ల తప్పేమీ లేదు” అని చెప్పుచు పోయినది. ప్రత్యక్షమును చెప్పుచున్నది గనుక ఆమె మాటలో ట లేదు. మూడవ అంతస్తులో టాంకరువాడు పెంచిన ధరనుగూర్చి కొంతసేపు విన్నపిమ్మటనే చెప్పుట కవకాశము దొరికినది. నాలుగవ అంతస్తులో “పోనీలెండి పిన్నిగారూ, దొరికిందిగా” అని సంతోషించిరి. పనిమనిషి మాట ఎత్తలేదు. వృద్ధుడు మాత్రము అంతయు విని, “మరి ఆ అమ్మాయితో చెప్పారా అమ్మా?” అని అడిగెను.

చెప్పుటకు ఆమె సాయంకాలము బస్తీకి పోయినది. పోయిన మూడిండ్లలో రెండు తిరిగి వచ్చినవి. మూడవ యింటివారు అప్పటికే వేరొకతెను పెట్టుకొనిరి. పనికి తిరిగి వచ్చినప్పటినుండి ఆమె వెళ్ళునపుడు గడపయొద్ద ఆగి, ఎవరును అడుగకయే తన చేతిసంచి విప్పి చూపి పోవుచున్నది. వద్దమ్మా యని గృహిణి ఎన్నిమార్లు చెప్పినను మానలేదు.